దైవసేవకులకు బహిరంగ లేఖ: మందు మింగడం అవిశ్వాసం కాదని సంఘాల్లో చెప్పండి

తెలుగు సంఘాల కాపరులకు, సువార్తికులకు, స్వస్థత కూటములు నడిపే దైవసేవకులకు, సంఘ పెద్దలకు

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేను 33 ఏళ్లు నర్సుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన విశ్వాసిని. దాదాపు అంతకాలమూ ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం నేర్పాను. ఈ లేఖలోని సంగతులను మా ప్రాంతపు పాస్టర్ల సహవాసానికి ఇదివరకే రెండుసార్లు రాసి పంపాను. మొదటి లేఖకు జవాబు రాలేదు. రెండో లేఖ అందాక ఒక పెద్దాయన ఫోను చేసి, "ప్రార్థనలో పెట్టామమ్మా" అన్నారు. అందుకు కృతజ్ఞురాలిని. కానీ నేను అడిగింది వేదిక మీద నుంచి నాలుగు మాటలు చెప్పమని. ఏడాదిన్నర గడిచినా ఆ మాటలు ఎవరి నోటా వినిపించలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

నా తమ్ముడు తాపీ మేస్త్రీ. తొమ్మిదేళ్ల క్రితం అతనికి క్షయ అని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు మానకుండా వాడాలి. రెండో నెల ముగిసేసరికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, మళ్లీ గోడ కట్టే పనికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే వాళ్ల ఊరి పక్క మైదానంలో మూడు రోజుల స్వస్థత కూటములు జరిగాయి. తల మీద చేయి ఉంచి ప్రార్థన చేశారు. ఆ తర్వాత వేదిక మీద నుంచి ఒక మాట వినిపించింది: స్వస్థత పొందాక కూడా మందు మింగేవాడు దేవుణ్ని నమ్మనట్టే. ఆ రాత్రి మా తమ్ముడు మిగిలిన మాత్రల పొట్లాలన్నీ కాలువలో పారేశాడు. మర్నాడు సాక్ష్యం చెప్పాడు. జనం చప్పట్లు కొట్టి దేవుణ్ని స్తుతించారు.

నేను అప్పుడు వేరే జిల్లాలో పనిచేస్తున్నాను. నాకు తెలిసేసరికి ఐదు నెలలు గడిచాయి. క్షయకు మందు మొదలుపెట్టాక చురుగ్గా పెరిగే క్రిములు చాలావరకు మొదటి రెండు నెలల్లోనే చస్తాయి. అందుకే రోగికి తగ్గినట్టు అనిపిస్తుంది. అణగి ఉన్న మిగతా క్రిములను చంపడానికే తర్వాతి నాలుగు నెలలు. మధ్యలో ఆపితే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి, మందులకు లొంగనివిగా కూడా మారవచ్చు. మా తమ్ముడికి అదే జరిగింది. ఈసారి చికిత్స రెండేళ్లు. మొదటి ఆరు నెలలకు పైగా రోజూ ఇంజెక్షను. ఇప్పుడు నోటి మాత్రలతోనే ఆ చికిత్స చేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో ఆ సూదిమందే దిక్కు. అది కొందరి వినికిడిని తీసేస్తుంది. మా తమ్ముడి వినికిడి పోయింది. బతికాడు. కానీ సంఘంలో మొదటి స్వరం ఎత్తి పాడినవాడికి ఇప్పుడు కీర్తన వినిపించదు.

ఆసుపత్రి మంచం మీద, ఇంకా కొద్దిగా వినిపిస్తున్న రోజుల్లో, అతను నన్ను అడిగాడు: "అక్కా, నా విశ్వాసం చాలలేదా?"

అయ్యలారా, అతని ఊపిరితిత్తుల సంగతి వైద్యులు చూసుకున్నారు. ఈ ప్రశ్న అతని గుండెలో నాటింది మాత్రం మనం. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

అపార్థం చేసుకోవద్దు. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వారు నూనె రాసి ప్రార్థన చేయాలని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చెబుతుంది. నా కడుపు ఆపరేషనుకు ముందు రోజు మా సంఘ పెద్దలను పిలిపించుకుని నూనె రాయించుకున్నాను, మర్నాడు ఆపరేషను గదిలోకి వెళ్లాను. ఆ రెండింటి నడుమ నాకు గోడ ఏదీ కనిపించలేదు. లేని గోడను వాక్యం పేరుతో కడుతున్నందుకే ఈ లేఖ.

మందులకు వ్యతిరేకంగా మీలో కొందరు ఆసా రాజు కథ చెబుతారు. రెండో దినవృత్తాంతముల 16వ అధ్యాయంలో, పాదాల్లో జబ్బు పుట్టినప్పుడు ఆసా యెహోవా దగ్గర విచారణ చేయక వైద్యులను నమ్ముకున్నాడని ఉంది. అక్కడ తప్పు దేవుణ్ని విడిచిపెట్టడం. అది మందు మీద మోపిన నేరమైతే, హిజ్కియా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త ఎందుకు చెప్పాడు? రెండో రాజుల 20వ అధ్యాయం తెరిచి చూడండి. నిన్ను బాగు చేస్తాను, మూడో రోజున మందిరానికి వెళ్తావు, ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తాను అని దేవుడు ముందే వాగ్దానం చేశాడు. ముద్ద ఆ తర్వాత వచ్చింది. వాగ్దానం ఉంది కదా, ముద్ద ఎందుకని ప్రవక్త అనలేదు.

నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయంలోని ఓడ. అందులో 276 మంది ఉన్నారు. తుపాను. రోజుల తరబడి సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. నీతో ప్రయాణం చేసే ఎవ్వరి ప్రాణానికీ హాని కలగదని దేవదూత పౌలుకు చెప్పాడు. అంతకంటే గట్టి హామీ ఏముంటుంది? అయినా నావికులు పడవ దించుకుని పారిపోబోతుంటే పౌలు ఏమన్నాడు? వీళ్లు ఓడలో ఉంటే తప్ప మీరు తప్పించుకోలేరన్నాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. పద్నాలుగు రోజులుగా ఏమీ తినలేదు, మీ ప్రాణరక్షణ కోసం ఆహారం తీసుకోండని కూడా పౌలే బతిమాలాడు. తిన్నారు. గోధుమలు సముద్రంలో పారబోసి ఓడను తేలిక చేశారు. చివరికి ఈత వచ్చినవాళ్లు దూకి ఈదారు, రానివాళ్లు పలకలు, ఓడ చెక్కలు పట్టుకున్నారు. అందరూ ఒడ్డు చేరారు. దేవుని మాట నెరవేరింది, ఈదినవాళ్ల చేతులు కూడా నొప్పి పుట్టాయి. పలక పట్టుకున్నవాణ్ని "నీకు దేవుని మాట మీద నమ్మకం లేదా" అని పౌలు గద్దించి ఉంటే ఎంతమంది మునిగిపోయేవారో ఆలోచించండి. మా తమ్ముడి చేతిలోని పలకను మనం లాగేశాం.

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రికలో, రెండో అధ్యాయం 12, 13 వచనాలు పక్కపక్కనే ఉన్నాయి. భయంతో, వణుకుతో మీ రక్షణను కొనసాగించుకోండని ఒకటి. మీలో పని చేసేవాడు దేవుడేనని మరొకటి. ఈ రెండింటినీ కలిపే మాట "కానీ" కాదు, "ఎందుకనగా". దేవుడు పని చేస్తున్నాడు కనుకనే మనిషి పని చేయాలి. మనం ప్రసంగాల్లో ఆ "ఎందుకనగా"ను "కానీ"గా మార్చేశాం. దానివల్ల సామాన్యుల ఇళ్లలో జరుగుతున్నవి ఇవి:

1. మందులు మానేస్తున్నారు. క్షయ సంగతి చెప్పాను. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. పొయ్యి ముందు, బావి గట్టున, రోడ్డు దాటేటప్పుడు పడిపోయినవాళ్లకు నేను కట్లు కట్టాను. మూర్ఛను దయ్యమని చెప్పి బడి మాన్పించిన పిల్లలను చూశాను. పుట్టుకతోనో చిన్నతనంలోనో మధుమేహం వచ్చి ఇన్సులిన్ మీద బతికే పిల్లలకు అది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. రక్తపోటు మాత్రలు మానేసి పక్షవాతంతో వచ్చిన ఇంటిపెద్దల వెనక వాళ్ల భార్యలు, చేతిలో చిన్న నూనె సీసాతో నిలబడి ఉండేవాళ్లు. ఆ సీసాను నేను ఏనాడూ పక్కన పెట్టమనలేదు. మాత్రలు ఎప్పుడు ఆపారమ్మా అని మాత్రం అడిగాను. చాలామంది చెప్పిన జవాబు ఒకటే: కూటముల తర్వాత.

2. అప్పు తెచ్చి కానుక వేస్తున్నారు. విత్తితే నూరంతలుగా వస్తుందని విని, డ్వాక్రా సంఘంలో తీసుకున్న రుణాన్ని కవరులో పెట్టి ఇచ్చిన ఒక కూలి తల్లి నాకు తెలుసు. కిస్తీ కట్టే రోజు వచ్చేసరికి చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. పంట రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే, ఇచ్చేటప్పుడు మనసులో సందేహం ఉండి ఉంటుందన్నారు. బీద విధవరాలు వేసిన రెండు కాసులు ఆమె సొంతం, వడ్డీకి తెచ్చినవి కావు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే. లెక్క చూసుకోవడం అల్పవిశ్వాసమైతే ఆయన ఆ ఉపమానం చెప్పేవాడు కాడు.

3. పిల్లల చదువు. పబ్లిక్ పరీక్షల ముందు హాల్ టికెట్లు, పెన్నులు తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. దాన్ని తప్పు పట్టను. కానీ పరీక్షల వారంలో రాత్రంతా ఉపవాస కూటంలో కూర్చోబెట్టడం, తప్పితే ఇంట్లో ఏదో పాపం ఉందనడం అన్యాయం. మా ఆదివారపు బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి, "ప్రార్థన చేస్తే లెక్కలు వచ్చేస్తాయా టీచర్" అని అడిగింది. దానియేలు మొదటి అధ్యాయం చదివించాను. ఆ నలుగురు యువకులకు జ్ఞానం ఇచ్చింది దేవుడే. కానీ వాళ్లు కల్దీయుల భాష, విద్య నేర్చుకోవడానికి పెట్టిన గడువు మూడేళ్లు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే రెండూ చేస్తాను" అంది. పిల్లలకు ఇంత తేలిగ్గా అర్థమయ్యేదాన్ని పెద్దలకు మనం ఎందుకు కష్టం చేస్తున్నాం?

4. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీలు. దీని గురించి రాయాలంటే నా చేయి వణుకుతుంది. విరిగిన మణికట్టుతో రాత్రిపూట వార్డుకు వచ్చిన ఒక సోదరి, ఆ వారంలో రెండుసార్లు సంఘకాపరి ఇంటికి వెళ్లానని చెప్పింది. రెండుసార్లూ "ప్రార్థించమ్మా, మారతాడు" అని వెనక్కి పంపారు. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పుకున్నాడు, ఆ రాత్రే కిటికీలో నుంచి దిగి పారిపోయాడు. దమస్కులో పౌలును శిష్యులు గంపలో పెట్టి గోడ మీద నుంచి దించారు. వీళ్లిద్దరి విశ్వాసాన్ని మనం శంకించం. మరి పిల్లను చంకనేసుకుని బయటపడిన ఆడబిడ్డను ఎందుకు శంకిస్తాం? గృహహింస నుంచి రక్షణకు 2005లో చట్టం వచ్చింది. సాయం కోసం స్త్రీలు ఫోను చేయడానికి 181 అనే నంబరు ఉంది. ఆ నంబరు సంఘం గోడ మీద రాసి ఉండటాన్ని నేను ఇంతవరకు ఒక్కచోట కూడా చూడలేదు.

5. చనిపోయినవారి ఇంట్లో మనం అనే మాటలు. "విశ్వాసంతో పట్టుకుని ఉంటే దక్కేవాడు." బిడ్డను పూడ్చి వచ్చిన తల్లితో ఈ మాట అనడం నా చెవులతో విన్నాను. పౌలు ముమ్మారు వేడుకున్నా, అతను తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధ పోలేదు. పౌలు సహచరుడు త్రోఫిము రోగి కావడంతో అతన్ని మిలేతు పట్టణంలో విడిచి రావలసి వచ్చింది. తిమోతి కడుపు జబ్బుకు పౌలు సూచించింది కొంచెం ద్రాక్షారసం. వీళ్లలో ఎవరికి విశ్వాసం చాలలేదు?

రెండో వైపు తప్పును కూడా దాచను, ఎందుకంటే అది నాదే. ఉద్యోగంలో మొదటి పదేళ్లు నేను ప్రార్థన లేని నర్సును. నా చేతి నేర్పు మీదే ఆధారపడ్డాను. ఒక రాత్రి వార్డులో చేయవలసినవన్నీ సక్రమంగా చేసినా ఒక బాలింత దక్కలేదు. అప్పుడు నిలబడటానికి నాకు కాళ్ల కింద ఏమీ మిగల్లేదు. యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టేవారి ప్రయాస వ్యర్థమని 127వ కీర్తన చెబుతుంది. ఆ రాత్రి అది నాకు అర్థమైంది. అయితే ఆ కీర్తనలో కట్టేవాడు పని మానేయలేదు, కావలివాడు నిద్రపోలేదు. నెహెమ్యా కూడా ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలి ఉంచి, 52 రోజుల్లో గోడ పూర్తి చేశాడు. ఇప్పటి మన సంఘాల్లో నన్ను బాధించేది ఇంకొకటుంది. బాగా సంపాదించినవారి కష్టాన్ని మెచ్చుకుని, వారికి పెద్దరికం ఇస్తాం. పేదవాడు రోగం గురించి, అప్పు గురించి చెబితే దేవుని మీద ఆనుకోమంటాం. కష్టపడమనే బోధ, ఆనుకోమనే బోధ ఇద్దరికీ సమానంగా అందాలి.

మన తెలుగు నేల మీద సువార్త వచ్చిన తీరు కూడా గుర్తుచేస్తాను. 1876 నుంచి 1878 వరకు మహాకరువు వచ్చినప్పుడు ఒంగోలులో అమెరికా మిషనరీ క్లౌ దొర ప్రార్థన చేశారు, దానితోపాటు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకున్నారు. ఆయనకు సర్వే పని తెలుసు. ఆకలితో వచ్చినవారి చేతికి పార ఇచ్చి కూలి ఇప్పించారు. మన బోధకులే ఆ పని మీద మేస్త్రీలుగా నిలబడి, విరామంలో వాక్యం చెప్పారు. తిండి కోసం ఎవరూ మతం మారకూడదని, ఆ కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజును మనం పండుగగా చెప్పుకుంటాం. దానికి ముందు తవ్విన కాలువను చెప్పుకోవడం మానేశాం. గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ దొరసాని డాక్టరు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన ఇసబెల్ కెర్ కూడా డాక్టరే. వేలూరు క్రైస్తవ ఆసుపత్రికి నేటికీ రైలెక్కి వెళ్లే తెలుగువారిలో మీరూ ఉన్నారు, మీ కుటుంబాలూ ఉన్నాయి. మందులను అవిశ్వాసం అంటే వాళ్ల సేవనంతా అవిశ్వాసం అన్నట్టే.

కాబట్టి మిమ్మల్ని గౌరవంతోనే, గట్టిగా అడుగుతున్నాను.

మొదటిది, ప్రతి స్వస్థత కూటం ఆరంభంలో, ముగింపులో ఒక ప్రకటన చేయండి: వైద్యుడు చెప్పకుండా ఎవరూ మందు ఆపవద్దు. దీనికి నిమిషం కూడా పట్టదు.

రెండోది, పరీక్ష చేయించుకోని స్వస్థతను సాక్ష్యంగా వేదిక ఎక్కించవద్దు. పదిమంది కుష్ఠురోగులను యేసు ప్రభువు యాజకులకు కనబరచుకోమని పంపాడు. కుష్ఠును పరీక్షించి, పోయిందో లేదో చెప్పే బాధ్యత ధర్మశాస్త్రం ప్రకారం యాజకులది. స్వస్థపరిచిన ప్రభువే పరీక్షకు పంపితే, మనం పరీక్షకు ఎందుకు జంకాలి? కళ్లె పరీక్ష నివేదిక రానివ్వండి. ఆ తర్వాత చెప్పే సాక్ష్యానికి నేనూ చప్పట్లు కొడతాను.

మూడోది, మీరు ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ సంగతి సంఘానికి చెప్పండి. మీ షుగరు మాత్రలు, మీ గుండె ఆపరేషను, మీ కళ్ల శుక్లాలు. వీటిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీరు దాచడం వల్ల మీ ముందు కూర్చున్న మనిషి తానొక్కడే విశ్వాసం తక్కువైనవాడినని అనుకుంటున్నాడు.

నాలుగోది, అప్పు తెచ్చిన కానుకలు తీసుకోవద్దు. తెలియక తీసుకుంటే, తెలిసినప్పుడు తిరిగి ఇవ్వండి.

ఐదోది, దెబ్బలతో వచ్చిన స్త్రీని ఒంటరిగా తిరిగి పంపవద్దు. సంఘంలో ఇద్దరు పెద్ద స్త్రీలకు ఆ బాధ్యత ఇవ్వండి, ఆసుపత్రికైనా పోలీసు స్టేషనుకైనా వాళ్లు తోడు వెళ్లాలి. 181ని నోటీసు బోర్డు మీద రాయండి.

ఆరోది, "నీ విశ్వాసం చాలలేదు" అనే మాటను రోగి దగ్గర, శవం దగ్గర అనడం ఆపండి.

ఇంకో విన్నపం. క్షయ మందులు వాడే ప్రతి ఒక్కరికీ తోడుగా ఉండే మనిషి కావాలి. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తోంది. అయినా మూడో నెలలో నీరసపడి మానేసేవాళ్లు ఉన్నారు. సంఘంలో అలాంటివారు ఉంటే వారానికొకసారి వాళ్ల ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి, మాత్రలు వేసుకున్నారా అని అడిగి, ఆ వారం పొట్లాలు లెక్క చూడండి. ఆసుపత్రిలో నేను పదిసార్లు చెప్పినా వినని మనిషి, మీరు ఒక్కసారి చెబితే వింటాడు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మీరు ప్రతి కుటుంబానికీ ఒక వాగ్దాన వాక్యం ఇస్తారు. ఆ రాత్రి మందిరాలు నిండిపోతాయి, ఏడాదంతా రానివాళ్లు కూడా వస్తారు. ఈ ఏడాది వాగ్దానం చదివి వినిపించాక, మందుల గురించిన ఆ ఒక్క ప్రకటన కూడా చేయండి. చేస్తారో లేదో ఆ లోపు మా ప్రాంతపు సహవాసం నాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.

మీ నెలవారీ సమావేశానికి పిలిస్తే నేనే వచ్చి ఈ సంగతులు వివరిస్తాను. నా తమ్ముడు కూడా వస్తానన్నాడు. అతను ఇప్పటికీ ప్రతి ఆదివారం రెండో వరుసలో కూర్చుంటాడు, కీర్తన ఎక్కడి దాకా వచ్చిందో తెలియడానికి నా వేలు పాటల పుస్తకంలో ఏ వరుస మీద ఉందో చూస్తాడు. అతనితో మాట్లాడేటప్పుడు దయచేసి ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా నెమ్మదిగా మాట్లాడండి.

క్రీస్తులో మీ సహోదరి,
ఒక విశ్రాంత నర్సు